చెప్పాలో లేదో తేల్చుకోవలసింది ఆమే

(వరంగల్ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎయిడ్స్ గురించి మనం మొదట్లో మాట్లాడిందంతా భర్తల నుంచి జబ్బు సోకిన భార్యల గురించే. పుట్టుకతోనే హెచ్ఐవి ఉన్న వాళ్ల పిల్లలు ఇంతకాలం బతుకుతారని మనలో చాలామందిమి అనుకోలేదు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్లలు బతికారు. ఇప్పుడు వాళ్లకి ఇరవై, పాతికేళ్లు.

నేనెరిగిన ఒకమ్మాయిని అమ్మమ్మ పెంచింది. 'నీకు రక్తం తక్కువ బిడ్డా' అంటూ రోజూ మాత్ర మింగించింది. పదమూడో ఏట ఆస్పత్రి గోడమీది పోస్టరు చదివి తన జబ్బేమిటో తెలుసుకుంది ఆ పిల్ల. చాలా రోజులు మందులు మానేసింది. "జబ్బుకు కాదక్కా, అబద్ధానికి ఏడ్చిన" అంది నాతో. ఆ ముసలామెను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కూతుర్నీ అల్లుణ్నీ మట్టిచేసి, ఊళ్లో నోరు విప్పితే నీళ్ల దగ్గరికి కూడా రానివ్వరని భయపడిన మనిషి.

ఈమధ్య ఆ అమ్మాయే వచ్చి అడిగింది. "నాతోని పనిచేసే అబ్బాయి పెండ్లి చేసుకుంటనంటున్నడక్కా. చెప్తే పోతడు. చెప్పకుంటే నేను మోసం చేసినదాన్నయిత. ఏం చెయ్యాలె?"

'చెప్పెయ్' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సలహాలివ్వడం మన అలవాటు కదా! ఆపుకున్నాను. ముందుగా ఎవరికి చెప్పుకోగలవు అని అడిగాను. స్నేహితురాలికి, అంది. ఆమెకు చెప్పింది. తర్వాత నేను ఆ అబ్బాయినై 'ఎవరి వల్ల వచ్చింది?' అని అడిగాను. మొదట నవ్వింది, తర్వాత ఏడ్చింది, మూడోసారికి జవాబు చెప్పింది. మందులు క్రమంగా వాడి, పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే ఉంటే లైంగిక సంబంధం ద్వారా అవతలివాళ్లకు సోకదు. మందులు వాడుతూ కంటే బిడ్డకు సోకే ప్రమాదమూ చాలా తక్కువ. ఇవి తెలియకుండా చెబితే నేరం ఒప్పుకున్నట్టే ఉంటుంది.

చట్టం కూడా తెలియాలి. 2017 నాటి హెచ్ఐవి చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరిచేతా బలవంతంగా చెప్పించకూడదు. భాగస్వామికి సోకకుండా జాగ్రత్తపడే బాధ్యత ఉంది. ముందుగా చెప్పడం అందులో ఒక మార్గం. అయితే హింసో, గెంటివేతో తప్పదని సహేతుకమైన భయం ఉన్న స్త్రీకి పదో సెక్షను మినహాయింపునిచ్చింది. ఇది మనలో ఎందరికి తెలుసు? నమ్మి మనకు చెప్పిన సంగతిని ఆమె సమ్మతి లేకుండా బయటపెట్టడమూ చట్టవిరుద్ధమే. డిసెంబరు 1 వచ్చిందంటే ఒక పిల్లను వేదిక ఎక్కించి మైకు చేతికిస్తాం. మర్నాడు పేపర్లో ఫొటో. ఆ ఊరికి తిరిగి వెళ్లవలసింది ఆమె, మనం కాదు.

ఆ అమ్మాయి భద్రకాళి చెరువు కట్టమీద అతనికి చెప్పింది. స్నేహితురాలు కాస్త దూరంలో కూర్చుందట. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, డాక్టరును తానే అడుగుతానన్నాడు. వచ్చే సోమవారం ఇద్దరూ ఎంజీఎం ఏఆర్‌టీ సెంటరుకు వెళ్తున్నారు. నన్ను రమ్మనలేదు.