స్వపరిపాలనకు తొలి మెట్టు బడి

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కన్నడ సీమలో, చిక్కపేట వంటి వర్తక కేంద్రంలో, ఒక తెలుగు బడి డెబ్బై అయిదేళ్లు నిలవడం సామాన్యమైన విషయం కాదు. ఇంటి భాషలో అక్షరాలు దిద్దిన బిడ్డ ఇతర భాషలను నిర్భయంగా నేర్వగలడన్న నమ్మకమే ఈ బడికి పునాది. అదే నమ్మకం కోసం తెలుగునాట ఒక జాతి తరతరాలుగా పాటుపడుతున్నది. ఈ శుభవేళ ఆ జాతిని తలచుకోవడం ఉచితం.

ఆదిలాబాద్ అడవులలోని గోండులు ఒకప్పుడు చాందా కేంద్రంగా రాజ్యమేలినవారు. నిజాం పాలనలో అడవులు రిజర్వు అయ్యాయి. పోడు భూములు పట్టాలున్న పరాయివారి చేతికి చిక్కాయి. కాగితం చదవలేనివాని భూమికి రక్షణ లేకపోయింది. జల్, జంగల్, జమీన్ తమవేనని, పన్నెండు గ్రామాలలో తమ పాలన తమకే కావాలని కొమురం భీం పోరాడి, 1940లో జోడేఘాట్ కొండలలో నేలకొరిగాడు.

ఆ తిరుగుబాటుకు కారణాలు తెలుసుకొనడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ భూమి పట్టాలతోపాటు బడులు కూడా కావాలని గుర్తించాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఆరంభమైంది. గోండి భాషలోనే వాచకాలు వెలువడ్డాయి. తమ పిల్లలకు తమవారే గురువులు కావడం స్వపరిపాలనకు తొలి మెట్టు.

స్వతంత్ర భారతంలో రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు, 1970 నాటి భూబదలాయింపు నిబంధన, 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీహక్కుల చట్టం ఒక్కొక్కటిగా వచ్చాయి. పెసా ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం గ్రామసభకు, పంచాయతీలకు చెందాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు రావడానికి 2011 వరకు పట్టింది. అయినా తీర్మానాన్ని చదివి, అర్థం చేసుకొని, ప్రశ్నించగలవారు లేనిచోట గ్రామసభ వేలిముద్రల సభగానే మిగులుతుంది.

షెడ్యూల్డు ప్రాంతాల బడులలో ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో వెలువడిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020లో కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమని ధర్మాసనం తీర్పు. తీర్పు శిరోధార్యమే. కాని గోండి మాత్రమే తెలిసిన పసివానికి తొలిపాఠం ఎవరు, ఏ భాషలో చెప్పాలన్న ప్రశ్న తీరలేదు.

ఇక్కడ తెలుగువారు ఆత్మపరిశీలన చేసుకోవాలి. చిక్కపేటలో తెలుగు మనుగడకోసం తపించే భాష. ఉట్నూరు గూడెంలో అదే తెలుగు పసివాని నోరు కట్టే పరాయి భాష. తెలుగుకు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటుంది, గోండికి లేదు. గుంజాల గ్రామపు వ్రాతప్రతులలో వెలుగుచూసిన గోండి లిపి మాత్రం 2018లో యూనికోడ్‌లో స్థానం పొందింది. లిపికి దొరికిన గౌరవం తరగతి గదిలో బిడ్డకూ దొరకాలి.

తన బిడ్డకు మాతృభాషలో చదువు కోరిన ప్రతి తల్లీ పొరుగు తల్లికి కూడా ఆ హక్కును కోరినప్పుడే ఈ ఉత్సవం సార్థకమవుతుంది. స్వస్తి.