దయ్యం ముద్ర ఎవరు వేస్తరు?

(ప్రగతి నగర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రగతి నగర్‌లో అపార్ట్‌మెంట్లు కట్టినోళ్లు, వాటిలో అంట్లు తోమేటోళ్లు, గేటు కాడ కావలి ఉండేటోళ్లు ఈ సభలో ఉన్నరు. మీ ముందు మేము రక్తం తాగే దయ్యాల గురించి మాట్లాడటానికి వచ్చినం. కూలి రేట్లు, ఇంటి జాగలు వదిలిపెట్టి ఈ దయ్యాల గోల ఏందని మీరు అడగవచ్చు. అడగాలె. దయ్యం కథ పేదోని ప్రాణం మీదికి ఎట్ల వస్తదో చెప్పటానికే వచ్చినం.

2018 మే నెల యాది చేసుకోండి. పార్థీ ముఠా దిగింది, పిల్లలను ఎత్తుకుపోతరు, మనిషి మాంసం తింటరు అని ఫోన్లల్ల పుకారు లేచింది. అవన్నీ అబద్ధాలని పోలీసులు చెప్తనే ఉన్నరు. అయినా మన హైదరాబాద్‌లోనే, చాంద్రాయణగుట్టలో, పొట్టకూటికి అడుక్కోను వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్‌ను గుంపు కొట్టి చంపింది.

ఈ పార్థీలు ఎవరు? వేట మీద బతికిన సంచార జాతి. 1871లో ఇంగ్లీషోడు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, ఇట్లాంటి జాతులను పుట్టుకతోనే దొంగలని రాసిండు. 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర మాత్రం పోలేదు. మన ఎరుకలోళ్ల మీద కూడా అదే ముద్ర పడింది. వాళ్లను తెచ్చి పెట్టిన స్టువర్టుపురం పేరును మన సినిమాలు దొంగలకు మారుపేరు చేసినయి.

ఇంకొకటి. 2019 సెప్టెంబర్‌లో, మనం కూసున్న ఈ మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనే, శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో ఒక మహిళ చనిపోయింది. చేతబడి చేసిండని ఒక యువకుణ్ణి చంపి ఆమె చితిలోనే వేసిండ్రు. ఒకపక్క సైబరాబాద్ అద్దాల మేడలు, ఇంకోపక్క ఈ చితి. రెండూ ఒక కాలంలోనే ఉన్నయి.

బాణామతి నెపంతో పండ్లు పీకిన ఊర్లు తెలంగాణలో ఎన్నో. నోట మంత్రం పలకరాదని పీకుతరట! సినిమాలో దయ్యానికి కోరలుంటయి, అది మనుషులను కొరుకుతది. మన ఊళ్లల్ల దయ్యమని పేరు పడ్డోని నోట్లో నుంచే నెత్తురు కారుతది.

ఇది మన దగ్గరి రోగం మాత్రమే అనుకోవద్దు. 1235లో జర్మనీ దేశం ఫుల్డా ఊళ్లో, పిల్లలను చంపి రక్తం తీసిండ్రన్న నింద వేసి ముప్పై మందికి పైగా యూదులను చంపిండ్రు. మరుసటేడు ఆ దేశపు చక్రవర్తే విచారణ చేయించి, ఆ నింద అబద్ధమని ప్రకటించిండు. అయినా ఆ మాట చావలేదు. హిట్లర్ కాలం దాకా వందల ఏండ్లు నడిచి, హిట్లర్ మనుషుల పత్రికలల్ల మళ్లీ అచ్చయింది. రాజు మాట కంటే కథ బలమైంది. ఎందుకంటే పక్కోడిని చంపటానికి సాకు కావాలె, సాకు కథ ఇస్తది.

1897లో బ్రామ్ స్టోకర్ డ్రాకులా నవల రాసిండు. తూర్పు దేశపు ప్రభువు ఒకడు పెట్టెల నిండా తన ఊరి మట్టి పోసుకొని ఓడలో ఇంగ్లండు వస్తడు, అక్కడి ఆడోళ్ల రక్తం తాగుతడు. తూర్పు ఐరోపా నుంచి లండన్‌కు బతకవచ్చిన యూదుల మీద ఆనాడున్న జంకు ఆ కథలో కనపడుతదని చాలామంది విమర్శకులు రాసిండ్రు. చిత్రమేందంటే ఆ డ్రాకులా భూములున్న దొర. అసలు రక్తం తాగేది ఎవరో 1867లోనే మార్క్స్ చెప్పిండు. పెట్టుబడిని ఆయన కూలోని శ్రమ పీల్చి బతికే రక్తపిశాచితో పోల్చిండు. మన పల్లెల్లో వడ్డీలోణ్ణి జలగ అంటరు. అదీ ఆ మాటే.

ఇప్పటి కథలు కొంత మారినయి. దయ్యాన్ని తరిమేసిన జనానికి గుర్తుగా చూపిస్తున్నరు. 2025లో మలయాళం నుంచి తెలుగులోకి వచ్చిన ‘కొత్త లోక’ సినిమాలో రక్తం తాగే యక్షి, ఒకప్పుడు గుడిలోకి రానివ్వని జనంలో పుట్టిన పిల్ల. మంచిదే. దయ్యం అనేటోణ్ణి నిలబెట్టి, ఆమె మీద ముందుగాల ఎవడు దెబ్బ వేసిండని ఆ కథ అడిగింది. మేము దాన్ని కాదనం.

అయినా ఒక మాట చెప్పాలె. ఆ కథల్లో దయ్యం నిజంగనే రక్తం తాగుతది. అంటే భయపడ్డోనికి ఒక కారణం ఉన్నట్టే. అది ఆకలి ఆపుకొని మంచిగ ఉంటే అప్పుడు మనుషులు జాలి చూపిస్తరు. మన మీద భయపడటానికి ఏ కారణం ఉన్నది? మనం ఎవరి రక్తం తాగినం? గ్లాసు వేరుగ పెట్టినోడు మన కోరలు చూసి పెట్టిండా? మంచి దయ్యం అన్న సర్టిఫికెట్ మనకు అక్కర లేదు. మేము మనుషులం. ఆ మాట మీదనే నిలబడుదాం.

మన గుర్రం జాషువా 1941లోనే ఈ దారి చూపించిండు. డ్రాకులా కథలో గబ్బిలం నెత్తురు కోసం కిటికీ కాడికి వస్తది. జాషువా ‘గబ్బిలం’లో అది అంటరానోని చీకటి గుడిసెలోకి వస్తది. లోకం అపశకునమని ఛీకొట్టే ప్రాణి, లోకం ఛీకొట్టిన మనిషి, ఇద్దరూ ఎదురుపడ్డరు. కాళిదాసు యక్షునికి మేఘం దొరికింది. మన ఆకలిగొన్నోనికి గబ్బిలమే దొరికింది. గుళ్లోకి తనను రానియ్యరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అందుకే తన గోడు కాశీ విశ్వనాథుని దాకా, కైలాసం దాకా మోసుకపొమ్మని దానికి అప్పజెప్పిండు. జాషువా గబ్బిలం మీద జాలిపడి ఊరుకోలేదు, దానికి పని ఇచ్చిండు. వాళ్లు దయ్యమని పేరు పెట్టినదే మన దరఖాస్తు పట్టుకొని పోయింది.

ఇక మనం చేయాల్సింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులో ఉన్నది. మంత్రాలు చేస్తరనే నింద మోపి ఎస్సీ, ఎస్టీలను కొట్టినా, మనసు క్షోభపెట్టినా అది నేరం. ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు. కొట్టేదాకా ఆగొద్దు, నింద వేసి వేధించిననాడే ఠాణాకు పోవాలె, సెక్షన్ 3(1)(జెడ్‌బి) అని పేరు పెట్టి రాయించాలె. ఇది ఎస్సీ, ఎస్టీలకు, అదీ నేరం చేసినోడు బయటి కులపోడైతేనే పనికొస్తది. బీసీ మీద పడ్డా, ముస్లిం మీద పడ్డా, మన వాడలోనే మనోడు మనోని మీద వేసినా అక్కరకు రాదు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢాచారాల మీద చట్టాలు చేసుకున్నయి. అందరినీ కాపాడే అట్లాంటి చట్టం మనకూ కావాలని గట్టిగ అడుగుదాం.

చట్టం వచ్చేలోపు ఒక పని మన చేతుల్లోనే ఉన్నది. ఫోన్‌లో ఫలానా జాతోళ్లు పిల్లలను తింటరని వస్తే ఇంకొకరికి పంపకండి. వాడలో ఒక ముసలమ్మను మంత్రగత్తె అంటే, ఆ మాట అన్నోనికీ ఆమెకూ నడుమ పోయి నిలబడండి. ఆ అవ్వ భూమి ఎవరికి కావాలె, ఆమెతో ఎవరికి తగాదా ఉన్నదని అడగండి. దయ్యం ఎవరో అప్పుడు బయటపడుతది.

జై భీమ్.