పొరుగువాని మాట పొరుగువాని నోట



ఆసియా అధ్యయనమను విద్య బి.ఏ. తరగతులలో ఎందులకని నేడు పట్టభద్రులగుచున్న మీలో కొందరు నన్నడిగితిరి. దేశముల రాజధానులను, రాజుల పేర్లను వల్లించుటకే యైనచో అది మనకక్కరలేదు. పొరుగువాని మాటను పొరుగువాని నోటనే వినగలుగుటయు, ఆ మాటల వెలుగున తన యూరి కథను మరల చదువుకొనగలుగుటయు ఆ విద్యకు ప్రాణమని నేను మనఃపూర్వకముగా నమ్ముచున్నాను.

దూరమెందులకు? పొరుగుననున్న ఆదోనినే చూడుడు. పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆ కోట నేలినవాడు, అచటి జామియా మసీదును కట్టించినవాడు సిద్ది మసూద్ ఖాన్. ఎఱ్ఱసముద్రమున కావలనున్న అబిసీనియానుండి వచ్చిన హబ్షీల సంతతివాడు, బిజాపుర సుల్తానుకు వజీరుగా నుండి తుదకు ఈ కోటనే ఆశ్రయించినవాడు. 1688లో ఔరంగజేబు పక్షమున అతనినుండి కోటను వశపఱచుకొన్న ఫిరోజ్ జంగు పూర్వులు సమర్‌ఖండ్, బుఖారా సీమలవారు. హైదరాబాదు అసఫ్‌జాహీ వంశమునకు మూలపురుషుడు ఫిరోజ్ జంగు కుమారుడే. ఇంతటి విశాల ప్రపంచము మన రాతిగుట్టపై తారసిల్లినది! 1953 దాక ఆదోని బళ్ళారి జిల్లాలోనిదే గనుక దాని కథ 1872 నాటి బళ్ళారి జిల్లా మాన్యువల్‌లో నున్నది; అదొక్కటే చదివిన విద్యార్థి దానిని వ్రాసిన దొరగారు చూచినంత మాత్రమే చూడగలడు. ఫారసీ ఫర్మానాలను, కన్నడ శాసనములను, సర్వేయరైన కాలిన్ మెకంజీ సేకరింపించిన తెలుగు గ్రామవృత్తాంతములగు కైఫీయతులను ప్రక్కప్రక్కన నుంచుకొన్నవానికి ఈ సీమ పలు గొంతుకలతో పలుకును. అందేది ఎవరికొఱకు, ఏ యవసరమున వ్రాయబడినదో తేల్చుకొనుటకు మూడేండ్ల చదువు నాంది మాత్రమే.

ఇట్లే గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి బండలను మీరెఱుగుదురు. సిరియా నేలిన అంతియోకసును, ఈజిప్టు నేలిన టాలెమీని పేర్కొన్న అశోకుని పదమూడవ శాసనము అచటి శాసనములలో నొకటి. అచటి లఘుశాసనమున బ్రాహ్మీ పంక్తులు కొన్ని ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచును. గైడు చెప్పినది విని ఫొటో తీసికొని మరలివచ్చుట వేఱు. ఆ బండయెదుట నిలిచి, తిరుగుడుపడిన పంక్తిని వ్రేలితో వెంబడించుచు అక్షరమక్షరము కూడబలుకుకొనుట వేఱు. ఈ రెండవ పనికి ఓర్పు కావలెను. ఆ యోర్పును అలవఱచుటకే కళాశాల యున్నది.

ఇక ఉద్యోగముల మాట. 2019లో పెనుగొండ దగ్గఱ కొరియావారి కియా కారుల కర్మాగారము ఉత్పత్తి మొదలిడినది మొదలు కొరియా భాష మనకు పరాయిది కాదు. జీవనోపాధికై దానిని నేర్చువారిని నేను తక్కువ సేయను. అయితే చైనా పట్టునూలు ధర తగ్గినపుడు ఆ ప్రభావము కర్ణాటకలోని రామనగరము పట్టుగూళ్ళ సంతను తాకి, అచటినుండి ఈ గూడూరి మగ్గముదాక ఎట్లు వచ్చునో నేతగానికి విడమఱచి చెప్పగల పట్టభద్రుడు కూడ మనకు కావలెను. అట్టివారు నేడు మిక్కిలి అరుదు.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆగ్నేయాసియా అధ్యయన కేంద్రమున్నది. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున అరబ్బీ, జపనీసు నేర్పుదురు. కర్నూలున అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయమున్నది. పోగలిగినవారు పోవుదురు గాక. ఇంటి పరిస్థితులచేత ఇచటనే నిలిచిపోవువారిని గూర్చియే నా తపన. మీలో ఇంట ఉర్దూ మాటలాడువారు, కన్నడము మాటలాడువారు పెక్కురున్నారు. ఉర్దూ లిపి వచ్చినవానికి ఫారసీ సగము చేరువైనట్లే. ఆ లిపి తెలిసినవారు తక్కిన మిత్రులకు వారమునకు రెండు సాయంకాలములైన నేర్పుడు. అందులకొక గదియు, నల్లబల్లయు ఇప్పింపుడని ప్రిన్సిపాలుగారిని మీ పక్షమున నేను ఈ సభాముఖముననే అర్థించుచున్నాను.