ఆదివారం ఆటగాడికి నాలుగు మాటలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో పిల్లల చదువుల గురించి, ఉద్యోగాల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి ప్రసంగాలు జరుగుతుంటాయి. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మీరు 30 ఏళ్ళుగా బ్యాటు పట్టుకుని తిరుగుతున్నారు గదా, మన కుర్రవాళ్ళకు క్రికెట్టు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. 30 ఏళ్ళుగా ఆడుతున్నమాట నిజమే. బాగా ఆడుతున్నామని ఆయనా అనలేదు, మేమూ అనము. మా అత్యధిక స్కోరు 47. కాబట్టి సెంచరీ కొట్టడం ఎలాగో చెప్పే అర్హత మాకు లేదు. అవుటవడం ఎలాగో మాత్రం మాకు బాగా తెలుసు. ఆ అనుభవం మీదనే ఈ నాలుగు మాటలూ మనవి చేసుకుంటాము.

మనలో చాలామంది ఆదివారం ఆటగాళ్ళం. ఆరు రోజులు దుకాణమో, ఆఫీసో, మెకానిక్ షెడ్డో, కాలేజీయో. ఏడో రోజు గ్రౌండు. టీవీలో కనిపించే ఆటగాళ్ళు రోజూ వందల బంతులు ఆడతారు. మనకు వారానికి దొరికేది ఒక గంట. ఆ గంటలో కొత్త కొత్త షాట్లు నేర్చుకుందామని మనం చూస్తాము. మా మనవి ఏమిటంటే, మనకు కావలసింది కొత్త షాటు కాదు. మనం ఎలా అవుటవుతున్నామో తెలియడం. అది మాకు ఎలా తెలిసివచ్చిందో చెబుతాము. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి.

ఆరేళ్ళ కిందటి మాట. పక్క ఊరి జట్టుతో 20 ఓవర్ల ఆట. చివరి ఓవరులో 5 బంతులకు 6 పరుగులు కావాలి. మేము 22 మీద ఉన్నాము. అవతలి కొసన ఇంటర్మీడియెట్ చదివే ఒక కుర్రవాడు. ఆ అబ్బాయి పిచ్ మధ్యకు వచ్చి మెల్లిగా, "చిచ్చా, సింగిల్ తియ్యండి చాలు. మీరు బంతి రాకముందే ఎడమకాలు పక్కకు తీసేస్తున్నారు. నిటారుగా ఆడండి" అన్నాడు. మాకు ఒళ్ళు మండింది. "నువ్వు పుట్టకముందు నుంచీ ఆడుతున్నాం, నీ పని నువ్వు చూసుకో పో" అన్నాము. తర్వాతి బంతి తిన్నగా, కాళ్ళ దగ్గరికే వచ్చింది. బలంకొద్దీ లెగ్ వైపు లాగాము. మధ్య వికెట్టు ఎగిరిపోయింది. ఆట ఓడిపోయాము.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అందరూ చెట్టుకింద కూర్చున్నప్పుడు, "వీడు మధ్యలో వచ్చి వాగబట్టి ఏకాగ్రత పోయింది" అని అందరిముందూ అన్నాము. ఆ అబ్బాయి ఒక్క మాట తిరిగి అనలేదు. ప్యాడ్లు విప్పి సంచి పక్కన పెట్టి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అలా రెండు నెలలు గడిచాయి. జట్టులో ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు గానీ, మేము వస్తే మాటలు కొంచెం తగ్గేవి.

మాది బట్టల వ్యాపారమని మీకు తెలుసు. ఒక రాత్రి దుకాణం కట్టేశాక చిట్టా, ఆవర్జా ముందేసుకుని కూర్చున్నాము. నష్టం ఎక్కడ వస్తోందా అని చూస్తే, ఒకే రకం సరుకు మీద మళ్ళీ మళ్ళీ పోతోంది. అప్పుడు తట్టింది. రూపాయి నష్టానికి ఇంత లెక్క చూస్తున్నామే, వికెట్టు నష్టానికి ఎన్నడైనా చూశామా? జట్టు స్కోరు పుస్తకాలు మా దగ్గరే ఉంటాయి. తీసి మా చివరి 20 ఇన్నింగ్సులూ రాసుకున్నాము. నాటౌటు 3. మిగతా 17లో బౌల్డూ, ఎల్బీడబ్ల్యూ కలిపి 11. క్యాచులు 4, రనౌటు 2. ఆ నాలుగు క్యాచులూ ఎటు లేచాయో గుర్తు చేసుకుంటే అన్నీ లెగ్ వైపే. అంటే 17లో 15 సార్లు ఒకే తప్పు మీద పోయాము. 30 ఏళ్ళలో మాకు తెలియనిది ఆ కుర్రవాడు అవతలి కొస నుంచి నాలుగు ఓవర్లలో చూశాడు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాము. వాళ్ళమ్మగారు "కూర్చోండి భాయిసాబ్" అని కుర్చీ వేసి టీ తెచ్చారు. అబ్బాయి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నువ్వు చెప్పింది నిజం బేటా. అందరిముందూ అన్న మాట, అందరిముందే తప్పని ఒప్పుకుంటాం. ఆదివారం రా" అన్నాము. ఆ టీ గొంతులో దిగడం కష్టమైంది. వాడు కాసేపు నేలచూపులు చూసి, "అయితే బంతులు నేను వేస్తాను, చెప్పినట్టు ఆడతారా చిచ్చా?" అన్నాడు. ఆడతామన్నాము.

ఇకపోతే వాడు మాకు నేర్పినవీ, తర్వాత మేము తెలుసుకున్నవీ చెబుతాము. కుడిచేతి వాటం వారికి చెబుతున్నాము, ఎడమచేతి వాటం వారు తిరగేసుకోండి.

మొదటిది కాలు. వాడు మా ఎడమకాలి పక్కన, లెగ్ వైపు, ఒక ఇటుక పెట్టాడు. కాలు పక్కకు పోతే ఇటుక తగులుతుంది. పదిగజాల దూరం నుంచి టెన్నిసు బంతి కిందిచేత్తో విసిరేవాడు. మొదటిరోజు 50 బంతుల్లో ఇటుక ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టడం మానేశాము. కాలు పక్కకు పోతే తల కూడా పక్కకు వాలుతుంది. తల వాలితే బంతి ఏ లైనులో వస్తోందో కంటికి సరిగా అందదు. తల నిలకడగా, రెండు కళ్ళూ ఒకే మట్టంలో బౌలరు వైపు ఉండాలి. కాలు బంతి దగ్గరికి పోవాలి, బంతికి దూరంగా కాదు.

రెండోది, బ్యాటు నిటారుగా రావడం. ఎందుకో కొంచెం ఆలోచించండి. బ్యాటు వెడల్పు 10.8 సెంటీమీటర్లకు మించకూడదని నిబంధన. ఆ కొద్ది వెడల్పును బంతి వచ్చే దారిలోనే తిన్నగా తీసుకువస్తే, మనం కాస్త ముందు ఊపినా, కాస్త ఆలస్యంగా ఊపినా బ్యాటు దారిలోనే ఉంటుంది. అడ్డంగా ఊపితే బంతీ బ్యాటూ కలిసేది ఒక్క క్షణం. ఆ క్షణం తప్పితే వికెట్టే. అందులోనూ మన మట్టి పిచ్‌ల మీద బంతి ఒక్కోసారి పైకి లేవకుండా నేలబారుగా వస్తుంది. అలాంటిచోట అడ్డబ్యాటు ఆడడమంటే తాళం వేయకుండా దుకాణం వదిలి పోవడమే. పీచు మ్యాటు పరిచినచోట సంగతి వేరు. అక్కడ బంతి ఎక్కువ లేస్తుంది, స్పిన్నూ ఎక్కువ తిరుగుతుంది. పొట్టి బంతి పడితే వెనక్కాలి మీదికి వెళ్ళి ఆడుకోవాలి. బంతి నిండుగా మనదగ్గర పడితే ముందుకాలు, పొట్టిగా పడితే వెనక్కాలు. ఈ ఒక్క సూత్రం ఒంటబట్టడానికి మాకు ఏడాది పట్టింది.

మూడోది చేతులు. బ్యాటును నేల మీద పడేసి, గొడ్డలి ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తండి. చేతులు ఎలా పడ్డాయో చూసుకోండి, ఇంచుమించు అదే సరైన పట్టు. రెండు చేతులూ దగ్గర దగ్గరగా ఉండాలి. పైచెయ్యి గట్టిగా, కిందిచెయ్యి కాస్త వదులుగా పట్టుకోవాలి. కిందిచెయ్యి బిగిస్తే బ్యాటు తనంతట తానే అడ్డం తిరుగుతుంది. మా జబ్బుకు సగం కారణం అదే.

నాలుగోది సింగిల్. 20 ఓవర్లంటే 120 బంతులు. మా పాత స్కోరు పుస్తకాలు చూస్తే అందులో సగానికి పైగా చుక్కలే ఉన్నాయి. సిక్సరు కోసం చూస్తూ నాలుగు బంతులు వృథా చేసి, అయిదో బంతికి అవుటయ్యేవాళ్ళం. బంతిని మెత్తగా ఖాళీలోకి నెట్టి పరుగెత్తండి. పిలుపు స్పష్టంగా ఉండాలి. 'ఎస్', 'నో', 'వెయిట్', ఈ మూడే మాటలు. బంతి మన ముందుకు పోతే పిలుపు బ్యాటు చేసేవాడిది, వెనక్కి పోతే అవతలివాడిది. అవతలివాడు మనకంటే చిన్నవాడైనా సరే, వాడి పిలుపు వినాలి.

జోడు లేనివారు ఒంటరిగా ఏం చేయాలని అడుగుతారు. పాత సాక్సులో బంతి వేసి, తాడుకట్టి దూలానికి వేలాడదీయండి. నిటారు బ్యాటుతో కొట్టండి. బంతి తిన్నగా పోయి తిన్నగా తిరిగివస్తే మీ బ్యాటు తిన్నగా వస్తోందన్నమాట. గుండ్రంగా తిరిగితే అడ్డం వస్తోందన్నమాట. ఆస్ట్రేలియాకు చెందిన బ్రాడ్‌మన్ చిన్నతనంలో బౌరల్ అనే ఊళ్ళో, ఇంటి వెనక నీళ్ళ ట్యాంకు దిమ్మెకు గోల్ఫు బంతిని విసిరి, తిరిగివచ్చేదాన్ని ఒక వికెట్టు పుల్లతో కొట్టి సాధన చేశాడు. టెస్టుల్లో ఆయన సగటు 99.94. మనకు అందులో నాలుగోవంతు వచ్చినా సంతోషమే గదా.

తోలు బంతితో ఆడేటప్పుడు హెల్మెట్టు, గ్లవ్స్, గార్డు లేకుండా దిగవద్దు. 1998లో ఢాకాలో జరిగిన ఒక ఆటలో, దగ్గరగా ఫీల్డింగు చేస్తున్న రమణ్ లాంబా హెల్మెట్టు లేకుండా తలకు బంతి తగిలి చనిపోయాడు. ఆయన భారత జట్టుకు టెస్టులాడినవాడు. "ఒక్క ఓవరే గదా" అనే మాట మన గ్రౌండులో వినపడకూడదు. బ్యాటు కూడా బరువైనది కొని గొప్ప చెప్పుకోవద్దు. పైచెయ్యి ఒక్కదానితో సులువుగా ఎత్తగలిగినదే మీ బ్యాటు. కొత్త బ్యాటుకు అవిసెనూనె పల్చగా రాసి, పాతబంతితో మెల్లగా కొట్టి గట్టిపరచి, తర్వాతే ఆటకు తీసుకురండి.

ఇవన్నీ పుస్తకాల్లోనూ దొరుకుతాయి. దొరకనిది ఒకటుంది. మన తప్పు చెప్పే మనిషి. మన హైదరాబాదు అజహరుద్దీన్ సంగతి చూడండి. 1984-85లో ఇంగ్లండు మీద తన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ చేసినవాడు. 1989లో పాకిస్తాన్ వెళ్ళేనాటికి పరుగులు రాక ఇబ్బందిలో ఉన్నాడు. అక్కడ జహీర్ అబ్బాస్ చూసి, బ్యాటు పట్టు కొంచెం మార్చమన్నాడు. మూడు సెంచరీల వాణ్ణి, నాకు చెబుతావా అని అజహర్ అనలేదు. మార్చాడు. ఫైసలాబాద్ టెస్టులో 109 పరుగులు చేశాడు. తర్వాత 2016లో, వందకు పైగా టెస్టులాడిన యూనిస్ ఖాన్ ఇంగ్లండులో తంటాలు పడుతుంటే, అదే అజహర్ ఫోను చేసి క్రీజులో నిలబడి ఆడమని చెప్పాడు. 38 ఏళ్ళ యూనిస్ ఆ మాట విని ఓవల్ మైదానంలో 218 పరుగులు చేశాడు. అంతటివాళ్ళు వినగా లేనిది, 47 పరుగుల మొనగాళ్ళం మనం వినడానికి ఏం?

అక్కచెల్లెళ్ళకు ఒక మాట. ఇది మగపిల్లల ఆట మాత్రమే అనుకోవద్దు. సికింద్రాబాదులో ఆట నేర్చుకున్న మిథాలీ రాజ్ 2002లో టాంటన్‌లో ఇంగ్లండు మీద టెస్టులో 214 పరుగులు చేసింది. అప్పటికి ఆమెకు 20 ఏళ్ళు నిండలేదు. మీ అమ్మాయి గల్లీలో బ్యాటు పడితే లోపలికి పిలవకండి, ఒక బంతి వేయండి.

చివరగా, ఈ ఏడాది ప్రతి ఆటగాడికీ ఒక చిన్న నోటుపుస్తకం ఇద్దామని సంఘాన్ని కోరుతున్నాము. అవుటైన ప్రతిసారీ మూడు సంగతులు రాయండి. తేదీ, ఎలాంటి బంతి, మనం చేసిన తప్పు. అంపైరు తప్పు అని రాయడానికి అందులో గడి ఉండదు. పది ఆటల తర్వాత ఆ పుస్తకం మీకు నచ్చిన స్నేహితుడికి కాదు, నిజం చెప్పే స్నేహితుడికి చూపించండి.

ఆ తర్వాత మేము ఎంత ఆడామని అడుగుతారేమో. సెంచరీలేమీ రాలేదు. పోయిన ఏడాది అదే పక్క ఊరి జట్టు మీద 31 నాటౌటు, అందులో 19 సింగిల్సు. గెలుపు పరుగు మాది కాదు, అవతలి కొసన ఉన్నవాడిది. ఆ అబ్బాయి పేరు చెబితే లేచి వెళ్ళిపోతాడు, అందుకని చెప్పము. ఇప్పుడు జట్టు నాయకుడు వాడే. మమ్మల్ని నాలుగో స్థానం నుంచి ఏడో స్థానానికి దించాడు. లెక్క చూసుకుంటే అదీ సరైన నిర్ణయమే.

వచ్చే ఆదివారం ఫజర్ నమాజు కాగానే గ్రౌండులో కలుద్దాము. ఇటుక మేము తెస్తాము.

సెలవు.