ఆర్డర్‌లో ఒక్క వస్తువే ఉంటే బిల్లు ఎందుకు తప్పుతుంది?

ఈ ఎపిసోడ్‌లో సోప్ వెబ్ సర్వీసుల్లో కాంప్లెక్స్ టైప్స్ గురించి చెప్తాను.

పేరు, నంబరు, తేదీ లాంటివి సింపుల్ టైప్స్. వాటిని కలిపి ఒక కట్టగా చేస్తే అది కాంప్లెక్స్ టైప్. ఉదాహరణకి ఒక ఆర్డర్ తీసుకుందాం. అందులో కస్టమర్ పేరు, కొన్న వస్తువుల లిస్ట్ ఉంటాయి. ఒక్కో వస్తువుకీ మళ్ళీ పేరు, ధర, ఎన్ని అనేవి ఉంటాయి. ఏది ఎలా వస్తుందో డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైల్‌లో రాసి ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే. పీహెచ్‌పీలో సోప్‌క్లయింట్ వాడుతున్నాం అనుకోండి. మూడు వస్తువులుంటే మనకి అర్రే వస్తుంది. ఒక్కటే ఉంటే మామూలుగా అర్రే రాదు, నేరుగా ఆ వస్తువు ఆబ్జెక్టే వస్తుంది. దాని మీద ఫర్‌ఈచ్ తిప్పితే, వస్తువుల మీద కాకుండా పేరు, ధర, ఎన్ని అనే ఫీల్డుల మీద తిరుగుతుంది. మనం మూడింటితో టెస్ట్ చేసి అంతా బాగుందనుకుంటాం. ఒక్క పెన్ను కొన్నవాళ్ళ బిల్లు మాత్రం తప్పుతుంది.

అందుకే నేను క్లయింట్ తయారుచేసేటప్పుడే ఫీచర్స్ ఆప్షన్‌లో సోప్_సింగిల్_ఎలిమెంట్_అర్రేస్ పెడతాను. అప్పుడు ఒక్కటున్నా అర్రేగానే వస్తుంది. లిస్ట్ ఖాళీ అయితే ఆ ఫీల్డే ఉండకపోవచ్చు, కాబట్టి ముందు ఇస్‌సెట్‌తో చూస్తాను.

ఇంకో మాట. డబ్ల్యూఎస్‌డీఎల్‌లో మిన్‌అకర్స్ 0 అని ఉంటే ఆ ఫీల్డ్ రాకపోవచ్చు. మాక్స్‌అకర్స్ అన్‌బౌండెడ్ అంటే ఎన్నైనా రావచ్చు. ఏమీ రాయకపోతే రెండూ 1 అనే అర్థం. ఇవి చదివాకే కోడ్ మొదలుపెట్టండి. టెస్ట్‌కి మాత్రం ఖాళీ ఆర్డర్, ఒక్క వస్తువు ఆర్డర్, మూడు వస్తువుల ఆర్డర్ అన్నీ పంపి చూడండి.