ముత్తవ్వ పేరు ఏ కాగితంలో ఉంది?



పోయిన సంక్రాంతికి మా మారేడుపల్లి ఇంటికి డర్బన్ నుంచి ఒకావిడ వచ్చింది. అమెరికాలో ఉన్న మా మరిది సరదాకి డి.ఎన్.ఏ. పరీక్ష చేయించుకుంటే, ఈవిడకూ అతనికీ దూరపు చుట్టరికం ఉందని తేలిందట. ఏ వైపు చుట్టమో మాత్రం పరీక్ష చెప్పలేదు. తన ముత్తాత తల్లిదండ్రులెవరో తెలుసుకోవాలని ఆవిడ తాపత్రయం.

1860 నుంచి 1911 వరకు లక్షా యాభైరెండు వేల మందికి పైగా మనవాళ్లు ఒప్పందపు కూలీలుగా నేటాల్ వెళ్లారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసులోనే ఓడ ఎక్కారు. ఓడ పట్టీలో ఒక్కొక్కరికి ఒక నంబరు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది గుర్తులు రాసేవారు. మన ఇంటిపేరుకు అందులో చోటు లేదు. తల్లి పేరుకు అసలే లేదు.

ఆవిడ చూపించిన నకలులో "నార్త్ ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా" అని ఉంది. పాపం, ఆర్కాటు అన్నారు కదా అని ఏళ్ల తరబడి తమిళనాడులో వెతికించిందట! మా అత్తగారు వింటూనే, "అయ్యో, అది మా పుట్టింటి తాలూకా గదా!" అన్నారు. చంద్రగిరి 1911లో చిత్తూరు జిల్లాలోకి, 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఊరు కదల్లేదు, జిల్లాలు మారాయి, అంతే.

అత్తగారి పుట్టింట్లో పాత దస్తావేజు తీయించాం. పట్టీలో ఉన్న తండ్రి పేరే అందులోనూ ఉంది. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడు దేశాంతరం పోయాడని రాసి ఉంది. చిన్నవాడు మా అత్తగారి తాత.

మరి తల్లి? తల్లి నుంచి మాత్రమే వచ్చే డి.ఎన్.ఏ. ఒకటుంది. కానీ కొడుక్కి వచ్చినా, అతని పిల్లలకు అందదు. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. కాగితాల్లో ఆమె ఊసే లేదు.

అప్పుడు అత్తగారు మెల్లగా అన్నారు: "మా అవ్వ చెప్పేది. ఆమె అత్త రోజూ రాత్రి పెద్దకొడుకు వస్తాడేమోనని ఒక ముద్ద ఉట్టిలో పెట్టి పడుకునేదంట. నాకు పెట్టింది ఆమె పేరే."

డర్బన్ ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ లేచి అత్తగారి చేతులు పట్టుకుని ఆ పేరుతో పిలిచింది. మాకెవరికీ మాట రాలేదు.

చెప్పొచ్చేదేమిటంటే, పరీక్ష చుట్టరికం చెప్పింది, పట్టీ ఊరు చెప్పింది. తల్లి పేరు చెప్పింది ఒక ముసలావిడ జ్ఞాపకం. గోత్రాలు అప్పజెప్పే మనలో ఎందరికి అమ్మమ్మ తల్లి పేరు, ఆమె పుట్టింటి ఊరు తెలుసు? ఈ సాయంత్రం వంటయ్యాక ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చోండి. అడిగి, పిల్లల పాత నోటుబుక్కులో అయినా సరే, రాసి పెట్టండి.