యంత్రం ‘కాదు’ అన్నాక



పట్టాలు అందుకుంటున్న మీలో వైద్యం చదివినవాళ్లున్నారు, ల్యాబ్ టెక్నాలజీ చదివినవాళ్లున్నారు, కంప్యూటర్ చదువు చదివినవాళ్లున్నారు. మీ అందరికీ కలిపి చెప్పదగ్గ మాట ఏముందా అని ఆలోచిస్తే మన జిల్లాల బతుకే దాన్ని చేతికిచ్చింది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ ఊరికి పోయినా, ఏదో ఒక యంత్రం ముందు నిలబడి ‘ఫిట్’ అనో ‘అన్‌ఫిట్’ అనో అనిపించుకున్న మనుషులు కనిపిస్తారు.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి దుబాయ్, మస్కట్, కువైట్ పోవాలంటే ముందు మెడికల్ పాసవ్వాలి. గామ్కా మెడికల్ అని మనవాళ్లందరికీ తెలిసిన పేరు. రక్తం తీస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎప్పుడో వచ్చి మానిపోయిన క్షయ ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ వదిలిపోయి ఉంటే, అన్‌ఫిట్ రాయడానికి ఆ మచ్చ చాలు. ఏజెంటుకు కట్టిన పైసలు, వాటి మీద మిత్తి ఇంటి మీద పడతాయి.

అక్కడి నుంచి గోదావరి ఒడ్డుకు రండి. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గు బావుల్లో పనిచేసే సింగరేణి కార్మికుడికీ నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్షలు ఉంటాయి, ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుందా అని చూస్తారు. ఇక్కడ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే నిబంధనల ప్రకారం వారసుడికి ఉద్యోగం అడిగే వీలుంది. అందుకే అన్‌ఫిట్ కావాలని ఎదురుచూసే కుటుంబాలూ ఉన్నాయి. రెండు చోట్లా అదే ఎక్స్‌రే, అవే ఊపిరితిత్తులు. ఒక ఇంట్లో అది అప్పు మిగిల్చింది, ఇంకో ఇంట్లో కొడుక్కి కొలువు తెచ్చింది. ఎక్స్‌రే చూపించేది నీడనే. ఆ నీడకు ఏ ఫలితం రావాలో నిర్ణయించేది మనుషులు, మనుషులు రాసుకున్న నిబంధనలు. నా ప్రసంగమంతా ఈ తేడా గురించే.

అదే బావి దగ్గర ఇంకో తనిఖీ కూడా ఉంది. లోపలికి దిగేముందు బీడీలు, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని జేబులు తడిమి చూస్తారు. మీథేన్ ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు, పదిమంది ప్రాణాలు పోతాయి. భద్రత కోసం చేసే సోదా, ఆరోగ్యం కోసం చేసే పరీక్ష మన ప్రాంతంలో ఏనాటి నుంచో పక్కపక్కనే నడుస్తున్నాయి. వాటి సాధనాల పుట్టుకా అలాంటిదే. సినిమా హాలు దగ్గర, కోర్టు గేటు దగ్గర మనల్ని ఆపే మెటల్ డిటెక్టర్ రోగి పడక దగ్గర మొదలైంది. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒంట్లో దిగిన తూటా ఎక్కడుందో తెలియక వైద్యులు తలపట్టుకుంటే, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ లోహాన్ని పసిగట్టే పరికరం చేసుకొచ్చాడు. పరికరం మంచిదే. కానీ పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి, వాటికీ అది మోగింది. పైగా తూటా కుడివైపే ఉందని పెద్ద డాక్టరు గట్టిగా నమ్మి అటువైపే వెతకనిచ్చాడు. సెప్టెంబరు 19న అధ్యక్షుడు కన్నుమూశాక చూస్తే తూటా ఎడమవైపు ఉంది.

సీటీ స్కాన్‌దీ ఇలాంటి కథే. గ్రామఫోన్ రికార్డులతో పేరు తెచ్చుకున్న ఈఎంఐ కంపెనీలో పనిచేసిన హౌన్స్‌ఫీల్డ్ దాన్ని తయారుచేశాడు. 1971లో లండన్‌లో మొదటి రోగి మెదడును దాంతో చూశారు. 1988 డిసెంబరులో లాకర్‌బీ ఊరి మీద విమానం పేలి 270 మంది చనిపోయారు. టేప్ రికార్డర్‌లో దాచిన ప్లాస్టిక్ పేలుడు పదార్థం సూట్‌కేసులో ఉంది. మామూలు ఎక్స్‌రేకు అలాంటిది చిక్కడం కష్టమని తేలాక, రోగుల కోసం పుట్టిన సీటీ యంత్రం విమానాశ్రయాల్లో సామాన్లు చూడటానికి వచ్చింది. ఇప్పుడు రెండు చోట్లా ఆ బొమ్మను మనిషికంటే ముందు కంప్యూటర్ చదువుతోంది. క్షయ కోసం చేతితో పట్టుకుపోగల ఎక్స్‌రే పరికరం పల్లెకే వస్తోంది. 2018లో మన తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాలు పోల్చే ఏర్పాటు చేరింది. శంషాబాద్‌లో డిజియాత్ర అనే ఏర్పాటు విమానాశ్రయ గేటును ముఖం చూసి తెరుస్తోంది. వీటన్నిటినీ నేను స్వాగతిస్తున్నాను. పట్నం పోలేని మనిషి దగ్గరికి పరీక్షే నడిచి రావడం చిన్న మేలు కాదు.

అయితే వేలిముద్ర సంగతి చూడండి. మన జిల్లాల్లో బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్లు లక్షల్లో ఉన్నారు. తునికాకు, తంబాకు, దారం మధ్య ఏళ్లకేళ్లు నలిగి ఆ వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. వాళ్లలో ఒకామె రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే ఎర్రలైటు. తుడుచుకుని మళ్లీ పెడుతుంది, ఇంకో వేలు పెడుతుంది. “ఏలిముద్ర పడ్తలేదు, రేపు రా” అంటాడు డీలరు. ఆమె మోసగత్తె కాదని డీలరుకు తెలుసు, లైన్లో ఉన్న అందరికీ తెలుసు. తెలియనిది ఆ మిషన్‌కొక్కదానికే. కొన్ని మందులు కూడా వేళ్ల గీతలను ఇలాగే చెరిపేస్తాయి. కేపసిటబిన్ అనే క్యాన్సర్ మందు వాడుతున్న సింగపూర్ పెద్దమనిషిని 2008లో అమెరికా విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపేశారు. ఆ మందుతో అరచేతుల చర్మం ఊడి ఆయన వేలిముద్రలు చెరిగిపోయాయి. ఆ మందు రాసే ప్రతి వైద్యుడూ ప్రయాణం చేసే రోగికి ఒక ఉత్తరం రాసివ్వాలన్నది ఆ ఉదంతం నేర్పిన పాఠం.

ఇంకో సంగతి చెప్పడానికి మనసు రావడం లేదు, అయినా చెప్పాలి. 2022లో రాచకొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. కువైట్ నుంచి వెనక్కి పంపేసినవాళ్లు మళ్లీ పోవడానికి వీలుగా వేళ్ల చివర్ల పైచర్మం కోసి, లోపలి కండ కొంత తీసి కుట్లు వేసేవారట. మనిషికి 25 వేల రూపాయలు. కొన్నాళ్ల పాటు వేలిముద్ర మారిపోతుందన్న ఆశతో, మళ్లీ కూలికి పోయే అవకాశం కోసం, మన కష్టజీవులు తమ వేళ్లు కోయించుకున్నారు. పోలీసులు చెప్పిన ప్రకారం కోసినవాళ్లలో ఒకరు ఎక్స్‌రే టెక్నీషియన్, ఒకరు మత్తు విభాగం టెక్నీషియన్. మీలాగే పట్టా పుచ్చుకున్నవాళ్లు. వాళ్లు చేసింది నేరం, అందులో రెండో మాట లేదు. కానీ తన కేసు మళ్లీ చూడమని అడుక్కోవడానికి ఒక కిటికీ కూడా లేనివాడే బ్లేడు దాకా పోతాడన్నదీ నిజమే.

ఇక ఆదిలాబాద్ గూడేలకు వద్దాం. గోండులు, కోలాములు, నాయక్‌పోడ్‌లలో సికిల్‌సెల్ రక్తవ్యాధి ఉంది. 2023 జులై 1న మొదలైన జాతీయ కార్యక్రమం కింద దేశంలో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. మొదటి పరీక్ష చాలా తేలిక. వేలు పొడిచి తీసిన రక్తపు చుక్కను గాజుగొట్టంలోని ద్రావణంలో కలిపి, నల్లగీతలు గీసిన కాగితం ముందు పట్టుకుంటారు. గీతలు కనిపిస్తే ఏమీ లేనట్టు. ద్రావణం మసకబారి గీతలు కనిపించకపోతే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు. కానీ ఆ మసక ఒక ముఖ్యమైన విషయం చెప్పదు. జబ్బున్న మనిషి రక్తమూ మసకబారుతుంది, జబ్బు లేకుండా లక్షణాన్ని మోసే ఆరోగ్యవంతుడి రక్తమూ మసకబారుతుంది. తేల్చాలంటే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద రెండో పరీక్ష చేయాలి. రక్తహీనత బాగా ఎక్కువగా ఉంటే జబ్బున్నా గీతలు కనిపించవచ్చు. గూడేల్లో రక్తహీనత ఎంతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆర్నెల్లలోపు పసిపిల్లలకు ఈ మొదటి పరీక్ష నమ్మదగింది కాదు.

రెండో పరీక్ష చేయకుండా ‘ఉంది’ అని కార్డు మీద రాసిచ్చారనుకోండి. ఉట్నూరు వైపు ఒక ఆడపిల్లకు సంబంధం తప్పిపోతుంది. ఆమెకు ఏ జబ్బూ లేదు. భార్యాభర్తలిద్దరూ మోసేవాళ్లయితేనే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఇది కూర్చోబెట్టి, వాళ్ల భాషలో, ఓపికగా చెప్పాల్సిన విషయం. చెప్పేవాళ్లు లేకపోతే ఆరోగ్యం కోసం ఇచ్చిన కార్డు ఊళ్లో వెలికి కారణమవుతుంది. ఇలాంటి పరీక్ష చేసి ఊరుకోవడం కంటే చేయకపోవడమే నయమని నా అభిప్రాయం.

ఇందులో ఒక లెక్క ఉంది, వైద్యులూ ఇంజినీర్లూ దాన్ని కంఠతా పట్టాలి. పది వేల మందిలో వంద మందికి జబ్బుందనుకుందాం. నూటికి 95 సార్లు సరిగ్గా చెప్పే యంత్రం మన దగ్గరుంది. జబ్బున్న వందలో 95 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 9,900 మందిలో 495 మందిని కూడా పట్టుకుంటుంది. అంటే యంత్రం ‘ఉంది’ అన్న 590 మందిలో నిజంగా జబ్బున్నది ఆరుగురిలో ఒకరికే. జబ్బు బదులు దొంగ అనుకోండి, జాతరలో వేల ముఖాలు చూసే కెమెరా అనుకోండి. వెతికేది ఎంత అరుదైతే అమాయకులు అంత ఎక్కువగా దొరుకుతారు. అది యంత్రం లోపం కాదు, లెక్క తీరే అంత. అందుకే యంత్రం ఆపిన మనిషిని మళ్లీ చూడటం దయతో చేసే పని అనుకోకండి. పనిలో రెండో సగం అది. మన రాష్ట్రంలో కంప్యూటర్ వడపోతతో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల విషయంలో 2022లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది.

పట్టభద్రులారా, మీకు నాదొక విన్నపం. మీరు రిమ్స్ ఆసుపత్రిలో చేరినా, విమానాశ్రయంలో చేరినా, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ రాసినా, మీ యంత్రం ఆపిన మనిషి తర్వాత ఎవరి దగ్గరికి పోవాలి, ఎన్ని రోజుల్లో జవాబొస్తుంది అన్నది మొదటి వారంలోనే కనుక్కోండి. జవాబు దొరికితే పెద్ద అక్షరాల తెలుగులో కౌంటరు దగ్గర అంటించండి. గూడేల్లో అయితే గోండీలో చెప్పగల మనిషిని పక్కన కూర్చోబెట్టండి. జవాబు ఎవరి దగ్గరా లేకపోతే పై అధికారికి రాతపూర్వకంగా అడగండి. ప్రోగ్రాం రాసేవాళ్లు ‘మళ్లీ చూడాలి’ అనే మీట ఒకటి ఆ తెర మీద తప్పకుండా పెట్టండి, దాన్ని నొక్కిన ఉద్యోగికి సంజాయిషీ నోటీసు రాకుండా చూడండి.